ఖాళీ కార్తూస్ లెక్క

పోయిన నెల మా అమ్మాయి ఎన్‌సీసీ క్యాంపు నుంచి ఇంటికొచ్చింది. బూట్లయినా విప్పకుండా నేరుగా దాదీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"దాదీ, నేను బందూక్ పేల్చాను. ఐదు గోలీలు. నాలుగు నిషానా మీదే పడ్డాయి."

"మాషా అల్లాహ్" అంది మా అమ్మీ.

"ఒక ఖాళీ కార్తూస్ తెస్తానన్నావు కదా, ఏదీ?" అని నేనడిగాను.

"ఇవ్వరు అబ్బా. ఐదు లెక్కపెట్టి ఇచ్చారు, ఐదు ఖాళీవి లెక్కపెట్టి తీసుకున్నారు. ఒకటి గడ్డిలో పడిపోతే అందరం వంగి వెతికాం. అది దొరికే దాకా అన్నానికి పోనివ్వలేదు."

అమ్మీ మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది. "గోలీ ఎంతుంది?" అని అడిగింది. అమ్మాయి చిటికెన వేలి కొన కణుపు చూపించింది. "అంత గోలీకి తీతర్ పడుతుందా? పడితే హలాల్ అవుతుందా?"

అమ్మాయి పకపకా నవ్వింది. "దాదీ, మేం కొట్టింది కాగితాన్ని. కాగితానికి హలాలేంటి, హరామేంటి?"

నేనూ నవ్వాను. కానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ సవాల్ వెనుక మా నానా ఉన్నాడు, ఆయన వెనుక చాలా పెద్ద తారీఖ్ ఉంది. ఏ కార్తూస్ వాడాలి, అందులో ఏముంది, అది అవతల ఏం చేస్తుంది అని మనుషులు అడిగిన, అడగని సందర్భాల తారీఖ్ అది.

ముందు మాటల సంగతి చూద్దాం. బందూక్ అనే మాట అరబీ "బుందుఖ్" నుంచి వచ్చింది. బుందుఖ్ అంటే ఒక గింజ, ఇప్పుడు చాక్లెట్లలో వేసే హేజెల్‌నట్. ఆ గింజంత మట్టి ఉండలు చేసి, ఎండబెట్టి, ప్రత్యేకమైన విల్లుతో పిట్టల్ని కొట్టేవారు. ఆ మట్టి ఉండనూ బుందుఖ్ అన్నారు. తర్వాత బారూద్ వచ్చింది, సీసపు గుండు వచ్చింది. పేరు మాత్రం పాతదే. అంటే మనం బందూక్ అన్న ప్రతిసారీ ఆయుధాన్ని కాదు, అందులోంచి వెళ్ళే ఉండనే పిలుస్తున్నామన్నమాట. కార్తూస్ అరబీ కాదు, ఫార్సీ కాదు. అది ఫిరంగీల నుంచి, పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. కాగితపు పొట్లం అని దాని అసలు అర్థానికి దగ్గర. అందులో గుండు, మందు కలిపి చుట్టేవారు కాబట్టి ఆ పేరు.

ఆ కాగితపు పొట్లమే 1857లో హిందుస్తాన్‌ను కుదిపేసింది.

ఈ కథ మన పిల్లలకు బళ్ళో చెబుతారు. ఆవు కొవ్వు, పంది కొవ్వు, సిపాయీల తిరుగుబాటు అని రెండు వాక్యాల్లో ముగుస్తుంది. కొవ్వు ఎందుకు రాయాల్సి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. అప్పుడు కొత్తగా వచ్చిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ గొట్టం లోపల మెలికల గాడులుండేవి. గుండు తిరుగుతూ వెళ్ళి దూరంగా, సూటిగా తగలడానికి ఆ గాడులు. పాత గుండ్రటి సీసపు ఉండకు బదులు ముందు సన్నగా, వెనుక బోలుగా ఉండే పొడవాటి గుండు వచ్చింది. దాన్ని గొట్టం మూతి నుంచి కిందికి దిగ్గొట్టాలి. పేలిన మందు మసి గాడుల్లో పేరుకుపోతుంది. గుండు జారాలంటే పొట్లానికి జిడ్డు కావాలి. సిపాయి ఆ పొట్లం కొసను పళ్ళతో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండు దింపాలి.

కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 1857 జనవరిలో ఆ జిడ్డు గురించి మాట పుట్టింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే. ఏప్రిల్ నెలాఖరులో మీరట్‌లో 85 మంది సవార్లు ఆ కార్తూసులు ముట్టుకోమన్నారు. వాళ్ళలో ముసల్మానులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. మే 9న అందరి ముందూ వాళ్ళ కాళ్ళకు బేడీలు వేశారు. మరుసటి రోజే బగావత్. జులై 17న ఆ మంట హైదరాబాద్‌కూ వచ్చింది. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్ తర్వాత చంపబడ్డాడు. మౌల్వీ సాబ్‌ను కాలాపానీకి పంపారు.

బగావత్‌కు కారణాలు ఎన్నో. రాజ్యాలు లాక్కోవడం, జీతాలు, అవమానాలు. కార్తూస్ ఒక్కటే కారణమని నేననను. కానీ అది నిప్పురవ్వ అయిందంటే అందులో ఒక సాదా హఖ్ ఉంది. నా నోటితో కొరికేదాంట్లో ఏముందో తెలుసుకునే హఖ్. కంపెనీ సర్కార్ కార్తూస్‌ను గొట్టానికి సరిపోయేలా ఎంచింది, పేల్చే మనిషికి సరిపోతుందా అని అడగలేదు.

సరిగ్గా అదే 1857లో, ఏడు సముద్రాల అవతల అమెరికాలో, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఒక చిన్న రివాల్వర్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. దాని కోసం చేసిన కార్తూస్ మా అమ్మాయి పేల్చిన గోలీకి ముత్తాత.

అసలు అంతకన్నా ముందు, 1845లో, పారిస్‌లో ఫ్లోబెర్ అనే తుపాకీల ఉస్తాద్ ఒక తమాషా చేశాడు. దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ ఉంటుంది కదా, దాని మూతిలోనే ఒక చిన్న సీసపు ఉండ బిగించాడు. వేరే మందు లేదు. ధనవంతుల హాళ్ళలో, గోడకు బొమ్మ పెట్టి సరదాగా కొట్టుకునేవారు. అంటే ఈ కార్తూస్ పుట్టిందే నిషానాబాజీ కోసం, జంగ్ కోసం కాదు. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు దానికి మందు చేర్చి .22 షార్ట్ అన్నారు. 1871లో మందు కాస్త పెంచి .22 లాంగ్ వచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ గోలీ బరువు కూడా పెంచి .22 లాంగ్ రైఫిల్ చేసింది. అదే నేటికీ దునియా అంతటా నడుస్తోంది. మన ఎన్‌సీసీ పిల్లలు "పాయింట్ టూటూ" అనేది దాన్నే. అంగుళాన్ని వంద వంతులు చేస్తే అందులో 22 వంతులు, అంటే సుమారు 5.6 మిల్లీమీటర్ల వెడల్పు.

దాని బరువును ఇప్పటికీ గ్రెయిన్లలో చెబుతారు. మన బంగారం తులానికి దీనికీ చుట్టరికం ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖరారు చేశారు. లాంగ్ రైఫిల్ గోలీ మామూలుగా 40 గ్రెయిన్లు, రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. అంటే పావు తులం కూడా లేదు. మీ ఇంట్లో ఆడపిల్ల చెవి కమ్మంత బరువు.

పెద్ద కార్తూసులకు వెనుక మధ్యలో నిప్పు పుట్టించే బిళ్ళ ఉంటుంది. దీనికి అలా కాదు. ఇత్తడి గొట్టం అంచు మడతలోనే ఆ మసాలా ఉంటుంది. సూది ఆ అంచును నొక్కితే పేలుతుంది. ఒకసారి నొక్కుకుపోయిన అంచు మళ్ళీ పనికిరాదు, మళ్ళీ నింపడం కుదరదు. పాతకాలం మసాలా పేలాక గొట్టంలో ఉప్పులాంటిది మిగిలేది, రాత్రికి కడగకపోతే తెల్లారేసరికి జంగు పట్టేది. 1920ల్లో జంగు పట్టని మసాలా వచ్చాక ఆ బాధ తప్పింది. 1930 ప్రాంతంలో వేగం పెంచిన గోలీలు వచ్చాయి. అక్కడి నుంచి కొనేవాడికి అసలైన ఇంతిఖాబ్ మొదలైంది. నిషానా కోసమా, షికార్ కోసమా?

వేగం ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటాం. నిషానాబాజీలో అది పొరపాటు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేగం గోలీ దాన్ని దాటి బయలుదేరి, దారిలో నెమ్మదించి, మళ్ళీ శబ్దం కంటే కిందికి దిగుతుంది. ఆ హద్దు దగ్గర గాలి దాన్ని బాగా కుదుపుతుంది. పక్కగాలి వీచినప్పుడు నెమ్మది గోలీ కన్నా ఈ వేగం గోలీయే ఎక్కువ పక్కకు పోతుంది. వింటే అజీబ్‌గా ఉంటుంది గానీ సచ్. అందుకే పోటీల్లో వాడే గోలీ మొదటి నుంచీ శబ్దం కంటే కాస్త తక్కువ వేగంతోనే వెళుతుంది. షురూ నుంచి ఆఖర్ దాకా ఒకే తీరు.

ఇంకో సంగతి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే డబ్బా ధర ఉన్నా, ఈ వారం చేసిన గోలీలు పోయిన వారం చేసినవాటిలా ఉండవు. మందు ఇసుక రేణువంత తేడా, అంచులో మసాలా పరచుకోవడంలో తేడా. ప్రతి రైఫిల్ గొట్టానికీ తనదైన మిజాజ్ ఉంటుంది. పక్కవాడి రైఫిల్‌లో పువ్వులా పడ్డ గోలీ నీ రైఫిల్‌లో చెల్లాచెదురు అవుతుంది. అందుకే పెద్ద షూటర్లు తమ రైఫిల్‌ను తీసుకుని కార్ఖానా దాకా వెళ్ళి, దాన్ని బిగించి, ఒక్కో తయారీ లాట్ నుంచి కొన్ని గోలీలు పేల్చి, బాగా ఇమిడిన లాట్‌నే వేలల్లో కొనుక్కుంటారు. ఖరీదైంది కాదు, సరిపోయింది కొనాలి. నికాహ్ సంబంధాల్లో మన పెద్దలు చెప్పే మాటే ఇది.

ఇంత కసరత్తు ఎందుకంటే 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది మార్కుల వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే మూడు భంగిమల్లో ఆ గుండీనే కొడుతూ కాంస్యం తెచ్చాడు. ఆ పోటీలో మన ముల్క్‌కు అదే మొదటి పతకం. 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో బారూద్ ఉండదు, గాలి ఒత్తిడే. అయినా అక్కడా పెల్లెట్ల ఎంపికకు ఇదే ఓపిక కావాలి.

ఇక షికార్. తెలుగులో షికారు అంటే సాయంత్రం అలా తిరిగి రావడం. ఉర్దూలో షికార్ అంటే ప్రాణం తీయడం. ఒకే మాట రెండు ఇళ్ళలో ఎంత తేడాగా పెరిగిందో చూడండి.

మన తారీఖ్ పుస్తకాల్లో షికార్ అంటే పెద్ద పులులే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిషానా గురించి, పులి పక్కన నిలబడ్డ తస్వీర్ల గురించి అందరికీ తెలుసు. కానీ పల్లెల్లో మన ఇళ్ళవాళ్ళ షికార్ అది కాదు. తీతర్, బటేర్, ఖర్గోష్. అంటే కౌజు, పూరేడు, చెవులపిల్లి. చిన్న జంతువు మీద కార్తూస్ ఎంపిక పెద్ద జంతువు కంటే కష్టం. పెద్ద గోలీ వాడితే మాంసమే మిగలదు. మరీ చిన్నదైతే ఘాయల్ అయి పారిపోతుంది, ఏ పొదలోనో రెండు రోజులు నలిగి చస్తుంది.

.22తో షికార్ చెయ్యడం ఇప్పటికీ చట్టం ఒప్పుకునే ముల్కుల్లో ఈ ఖాయిదా నడుస్తుంది. గుండ్రటి ముక్కు గోలీ సూది గుచ్చినట్టు దూసుకుపోతుంది, మాంసం పాడవదు, కానీ సరైన చోట తగలాలి. ముక్కులో గుంట ఉన్న గోలీ తగలగానే విచ్చుకుంటుంది, వెంటనే ప్రాణం పోతుంది, మాంసం కొంత పాడవుతుంది. ఏదైనా సరే, 50, 60 మీటర్లు దాటితే కొట్టకూడదు. తగలని గోలీ అక్కడితో ఆగదు. ఆ చిటికెన వేలి కణుపు కిలోమీటరున్నర దాకా పోగలదు, రాయిని, నీటిని తాకి పక్కకు ఎగరగలదు. వెనుక మట్టి గట్టు లేకుండా పేల్చేవాడు షికారీ కాదు, ఖతర్నాక్.

విచ్చుకునే గోలీ అంటే మళ్ళీ మన డమ్‌డమ్ గుర్తొస్తుంది. 1890లలో అదే డమ్‌డమ్ కార్ఖానాలో ఇంగ్లీషువాళ్ళు మనిషి ఒంట్లో విచ్చుకునే గోలీ చేశారు. 1899లో హేగ్ సమావేశం జంగ్‌లో అలాంటివి వాడొద్దని తీర్మానించింది. చూడండి, మనిషి మీద జుల్మ్ అన్న గోలీయే జంతువు మీద రహమ్ అయింది, తొందరగా చంపుతుంది గనక. గోలీకి సొంత నీతి లేదు. ఎవరి మీద, ఎందుకు అన్నదే దాని నీతి.

మా అమ్మీ సవాల్ ఇక్కడే పడుతుంది. హలాల్ అవుతుందా?

నేను ముఫ్తీని కాను, జర్నలిస్టుని. మసలా కావాలంటే మీ ఆలిమ్‌ను అడగండి. బహస్ తారీఖ్ మాత్రం చెబుతాను. దెబ్బలు తిని చచ్చిన జంతువును ఖురాన్ హరామ్ అంది. బాణం గురించి హజ్రత్ అదీ బిన్ హాతిమ్ అడిగినప్పుడు నబీ కరీమ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఇచ్చిన జవాబ్ సారాంశం ఇది: మొన గుచ్చుకుని చస్తే తినొచ్చు, అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే తినకూడదు. ఆ లెక్కన బుందుఖ్, అంటే మట్టి ఉండ, దెబ్బే కొడుతుంది గనక దాంతో చచ్చింది హలాల్ కాదని పాత ఫఖీహులు అన్నారు. ప్రాణం ఉండగా పట్టుకుని జబహ్ చేస్తే సరే.

తర్వాత అదే పేరుతో సీసపు గుండు వచ్చింది. మరి దీనికి ఏ హుకుం? 1836లో వఫాత్ అయిన దమిష్క్ హనఫీ ఆలిమ్ ఇబ్నె ఆబిదీన్, సీసానికి పదును లేదు, అది వేడితో, బరువుతో, జోరుతో గాయం చేస్తుంది కాబట్టి హలాల్ కాదన్నారు. దాదాపు అదే కాలంలో యెమన్‌లో షౌకానీ, అది ఒంట్లోకి దూసుకుపోతుంది కదా, బాణం లాంటిదే అన్నారు. మాలికీ ఉలమాలోనూ జాయెజ్ అన్నవారు ఉన్నారు. మన హిందుస్తాన్‌లో ఎక్కువమంది హనఫీలు మొదటి మాటే పట్టుకున్నారు. తర్వాత ముక్కు తేలిన గోలీలు వచ్చాక, అలాంటివాటిని వేరుగా చూడాలన్న హనఫీ ఉలమా కూడా ఉన్నారు. గమనించండి, ఇబ్నె ఆబిదీన్ కాలంలో మామూలు గుండు గుండ్రటిది. మొనదేలిన రైఫిల్ గోలీలు ఆయన తర్వాతి ముచ్చట. మా అమ్మాయి పేల్చిన .22 ముక్కు మాత్రం ఇంకా గుండ్రంగానే ఉంది. గోలీ ఆకారం మీద ఇంత ఆలోచించినవారు తుపాకీ కార్ఖానాల ఇంజనీర్లే అనుకుంటాం. మదరసా చాపల మీద కూర్చున్నవాళ్ళూ ఆలోచించారు.

మా నానా ఆ మొదటి మాట పట్టుకున్నవాడే. ఆయన దగ్గర రైఫిల్ లేదు, లైసెన్స్ ఉన్న భర్మార్ బందూక్ ఉండేది. మూతి నుంచి బారూద్ పోసి, గుడ్డ కుక్కి, ఛర్రాలు వేసి, కడ్డీతో దట్టించాలి. మందు ఎంత పోశామో వేళ్ళ లెక్కతో కొలిచేవాడు. నడుముకు చాకు ఉండేది. పిట్ట పడగానే బిస్మిల్లాహ్ అంటూ పరుగు. ప్రాణం ఉంటే జబహ్, పోయి ఉంటే ఇంట్లోకి తెచ్చేవాడు కాదు.

ఒక ఏడాది ఆయనకు ఒక ఆలోచన వచ్చిందట. మందు కాస్త తగ్గిస్తే పిట్ట చావకుండా పడుతుంది, జబహ్‌కు దొరుకుతుంది కదా అని. ఒక వేలు తగ్గించాడు. తీతర్ పడింది. పరుగెత్తేలోపు లేచి, రెక్క ఈడ్చుకుంటూ ముళ్ళ పొదలోకి పోయింది. సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, "నా నోటికి హలాల్ చేసుకోవాలని దాని ప్రాణాన్ని సగంలో వదిలేశాను" అన్నాడట. అప్పుడు మా అమ్మీకి తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఆయన మందు తగ్గించలేదు. దగ్గరికి పోగలిగితేనే, నిండు మందుతోనే పేల్చేవాడు. అలా కుదిరేది నెలకొకసారే. అంతే చాలనుకున్నాడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో అందులో చిన్న జంతువుల వేటకు వేరే లైసెన్స్ ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. ఇప్పుడు మన దగ్గర చెవులపిల్లిని గానీ, కౌజును గానీ సరదా కోసం కొట్టడం జుర్మ్, జైలు శిక్ష ఉంది. పండగ సెలవుల్లో కుర్రాళ్ళు ఎయిర్‌గన్‌తో పొలాల్లో తిరిగి, పిట్టలతో ఫోటోలు దిగుతుంటే చూస్తుంటాను. బేటా, అది బహాదురీ కాదు. రాళ్ళు విసిరే ఆట గురించి మన హదీసుల్లో ఉన్న హెచ్చరిక గుర్తు చేసుకోండి. అది షికార్‌ను పడగొట్టదు, దుష్మన్‌ను ఆపదు, కన్ను పోగొడుతుంది, పన్ను విరగ్గొడుతుంది, అంతే.

నిషానా మీద షౌఖ్ ఉంటే రైఫిల్ క్లబ్‌లు ఉన్నాయి, ఎన్‌సీసీ ఉంది. అక్కడా ఒక మాట. సీసం జహర్. రేంజ్ నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగకుండా తినకూడదు, ఆ బట్టలతో చంటిపిల్లల్ని ఎత్తుకోకూడదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై నుంచి వేటకు సీసపు గోలీలనే బంద్ చేసింది. సీసం తగిలి చచ్చిన జంతువుల్ని తిన్న కాండోర్ రాబందులు విషంతో పోతున్నాయని. గోలీ పని నిషానా దగ్గర అయిపోదని వాళ్ళకు అంత ఆలస్యంగా తెలిసింది.

ఇదంతా రాసుకుని మొన్న రాత్రి అమ్మీకి చదివి వినిపించాను. ఇబ్నె ఆబిదీన్ దగ్గర తల ఊపింది. ఒలింపిక్స్ దగ్గర కునుకు తీసింది. చివర్లో లేచి అమ్మాయిని పిలిచింది.

"ఐదు లెక్కపెట్టి ఇచ్చి, ఐదు ఖాళీవి తీసుకున్నారన్నావు కదా?"

"హా దాదీ."

"మంచి పని. మా అబ్బా కూడా అంతే. ఇంటికి రాగానే ఎన్నిసార్లు పేల్చాడో, ఎన్ని పడ్డాయో మా అమ్మీకి చెప్పేవాడు. లెక్క కలవని రోజు సరిగ్గా తినేవాడు కాదు." కాసేపు ఆగి అడిగింది. "నీ ఐదింట్లో నాలుగే తగిలాయన్నావు. ఐదోది ఎక్కడికి పోయింది?"

"వెనుక మట్టి గట్టులోకి, దాదీ."

"చూశావా?"

"చూశాను. ఉస్తాద్ చూపించాడు."

"అయితే సరే" అని అమ్మీ తస్బీహ్ అందుకుంది.